పుండు మానింది, జబ్బు మానలేదు: సిఫిలిస్ గురించి ఆశా కార్యకర్తలతో

(హనుమకొండలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, మహిళా సంఘాల సభ్యుల కోసం పెట్టిన సమావేశంలో ఒక చర్మ, సుఖవ్యాధుల వైద్యురాలు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అక్కలకు, చెల్లెండ్లకు, వెనక వరుసల కూసున్న అన్నలకు అందరికీ నమస్తే. వెనక ఉన్నోళ్ళు జర ముందుకు రండి, కుర్చీలు ఖాళీగనే ఉన్నయి. ఈ ముచ్చట గుసగుసగ చెప్పుకునేదని చాలామంది అనుకుంటరు. నేనైతే గట్టిగనే చెప్తా. మీరు గూడ గట్టిగనే అడగండి.

ముందు మీకే ఒక ప్రశ్న. నెల తప్పినామెను మీరు మొదటిసారి పీహెచ్‌సీకి తోలుకొస్తరు. రక్తం తీస్తరు. ఏమేం పరీక్షలు చేస్తరు? ఆ, చెప్పండి. హిమోగ్లోబిన్. బ్లడ్ గ్రూపు. షుగర్. హెచ్ఐవీ. ఇంకా? ఇంకొకటున్నది. ఆ, ఎవరో చెప్పిన్రు, వీడీఆర్ఎల్. మంచిది. అది ఎందుకు చేస్తరు?

చూసిన్రా, ఇంతసేపు టకటకా చెప్పిన్రు, ఇప్పుడు అందరు సైలెంటయిన్రు. ఏండ్ల సంది మనం కాగితాల మీద రాస్తున్న పరీక్షే. అది సిఫిలిస్‌కు చేసే పరీక్ష. మన పెద్దలు సవాయి అనేటోళ్ళు. ఆ జబ్బు పాతకాలంల పోయింది కదా మేడం అని చదువుకున్నోళ్ళు గూడ నన్ను అడుగుతరు. పోలేదమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలనే 15 నుంచి 49 ఏండ్ల మధ్యోళ్ళల్ల 80 లక్షల మందికి కొత్తగ వచ్చింది. అదే సంవత్సరం 11 లక్షల మంది గర్భిణులకు ఉన్నదని అంచనా. దానివల్ల 3 లక్షల 90 వేలకు పైగ కాన్పులు చెడిపోయినయి. అంటే బిడ్డ కడుపులనే పోవుడు, పుట్టి పోవుడు, నెలలు నిండకముందే పుట్టుడు, జబ్బుతోని పుట్టుడు. ఒక సూదితోని ఆగేవి ఇవన్నీ. అందుకే నాకు బాధ.

జబ్బు ఎట్ల మొదలైతదో చూద్దాం. దీన్ని తెచ్చేది ఒక బ్యాక్టీరియా, పేరు ట్రెపోనిమా పాలిడం. సన్నగ, మెలికలు తిరిగి ఉంటది. 1905ల బెర్లిన్‌ల షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు దీన్ని మొదటిసారి మైక్రోస్కోపుల చూసిన్రు. ఇప్పటికీ మామూలు ల్యాబ్‌ల పెంచి చూపెట్టగలిగే క్రిమి కాదిది. రక్తపరీక్ష మీద మనం ఇంతగనం ఆధారపడేది అందుకే.

కలయికల ఒకరినుంచి ఒకరికి అంటినంక ఏమైతది? వెంటనే ఏం కాదు. పది రోజుల నుంచి మూడు నెలల లోపల, ఎక్కువమందికి మూడు వారాలప్పుడు, క్రిమి లోపలికి పోయిన జాగల ఒక పుండు లేస్తది. సాధారణంగ ఒక్కటే ఉంటది. గుండ్రంగ, అంచులు గట్టిగ, చీము లేకుండ శుభ్రంగ ఉంటది. గజ్జలల్ల బిళ్ళలు కడతయి, అవి గూడ నొయ్యవు. ఇప్పుడు నేను చెప్పేది జర మనసు పెట్టి వినండి. ఆ పుండు గూడ నొయ్యదు. నొప్పి లేదు, మంట లేదు, దురద లేదు. మగవాళ్ళకైతే కండ్లకు కనిపిస్తది. మరి ఆడోళ్ళకు? గర్భసంచి మూతి దగ్గరనో, లోపలి గోడల మీదనో అయితే ఎట్ల కనిపిస్తది? నొయ్యదు, కనిపించదు. ఆమెకు తెలిసే దారే లేదు. మలద్వారం దగ్గర రావచ్చు, పెదవి మీద, నోట్ల రావచ్చు. నోటి పుండంటే బీ కాంప్లెక్స్ తక్కువైందని గోలీలు మింగుతరు.

ఇంకో మాట. ఏ మందు వెయ్యకున్నా మూడు నుంచి ఆరు వారాలల్ల ఆ పుండు దానంతట అదే మానుతది. మన దగ్గర తిప్పలంతా ఇక్కడనే మొదలైతది. పుండు లేసినాయన ఏం చేస్తడు? వేడి చేసిందని సబ్జా గింజలు తాగుతడు. మెడికల్ షాపుల మలాం అడుగుతడు. లేకపోతే బస్టాండు గోడ మీద గుప్తరోగాలకు గ్యారంటీ మందు అని రాసిన నంబరుకు ఫోన్ చేస్తడు. ఏది చేసినా నెల రోజులల్ల పుండు మాయం. మంచి పేరెవరికి? మలాంకు, గోడ మీది నంబరుకు. ఆయన ధైర్యంగ ఇంటికి పోతడు. క్రిమి మాత్రం రక్తంలనే ఉంటది. భార్యకు చేరుతది.

మన ఆర్ఎంపీల మీద కోపంతోని చెప్తలేను. రాత్రి పన్నెండు గంటలకు పిల్లగానికి జ్వరమొస్తే ఊర్ల ఉండేది ఆయనే. మీరు ఆయనకు ఒక్క మాట చెప్పాలె. పుండు వచ్చినాయనకు ఏ సూది ఇచ్చే ముందైనా రక్తపరీక్షకు పంపమని చెప్పండి. అజిత్రోమైసిన్ గోలీ ఇచ్చి పంపితే సరిపోదు. ఆ మందుకు లొంగని సిఫిలిస్ చాలా దేశాలల్ల కనిపిస్తున్నది. పెన్సిలిన్‌కు మాత్రం ఇది ఇప్పటికీ లొంగుతది. 1943ల మొదటిసారి పెన్సిలిన్‌తోని సిఫిలిస్ నయం చేసిన్రు. ఎనభై ఏండ్లు దాటింది. ఇన్నేండ్లల్ల ఎన్ని బ్యాక్టీరియాలు ఎన్ని మందులకు మొండికేసినయో మీకు తెల్వంది కాదు. ఇది మొండికెయ్యలేదు. ఇంత మంచి అవకాశం వేరే ఏ జబ్బుల దొరుకుతది మనకు?

సరే, పుండు మానింది. కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు గడిచినంక రెండో దశ వస్తది. ఒంటి మీద దద్దులు. తామర అయితే గోకుడు ఆగదు, గజ్జి అయితే రాత్రిళ్ళు నిద్రుండదు. దీనికి మాత్రం సాధారణంగ దురద ఉండదు. అరచేతులల్ల, అరికాళ్ళల్ల గోధుమరంగు మచ్చలు, చుట్టు సన్నగ పొట్టు. మన ఒంటి రంగుకు వీపు మీద, కడుపు మీద దద్దులు సరిగ కనిపించవు. అందుకే చేతులు చూడండి. పొలం పని చేసేటోళ్ళ చేతులు ఎట్లాగూ గరుకుగ ఉంటయి కాబట్టి ఎవ్వరు పట్టించుకోరు. దద్దులతోని పాటు సన్న జ్వరం, గొంతునొప్పి, ఒళ్ళు నొప్పులు. జుట్టు అక్కడక్కడ ముద్దలు ముద్దలుగ రాలొచ్చు. మర్మావయవాల దగ్గర, మలద్వారం దగ్గర తడిగ, చదునుగ బుడిపెలు లేస్తయి. మొలలనుకొని మొలల మందు పెట్టుకున్నోళ్ళను నేను చూసిన. ఆ తడి బుడిపెలల్ల క్రిమి మస్తుగ ఉంటది, అంటుడు చాలా తేలిక. ఇంట్లోళ్ళు ఏమనుకుంటరు? పడని కూర తిన్నందుకు అలర్జీ అనుకుంటరు, అమ్మవారు పోసిందనుకుంటరు. ఇది గూడ దానంతట అదే తగ్గుతది.

ఇంక అప్పటినుంచి ఏ లక్షణం ఉండదు. ఏండ్లకేండ్లు ఉండదు. మనిషి కూలికి పోతడు, పెండ్లిళ్ళకు పోతడు, బోనాలు ఎత్తుతది, మేడారం జాతరకు పోయొస్తది. రక్తంల మాత్రం ఉంటది. కాలం గడిచినకొద్దీ కలయికల అంటుకునే గుణం తగ్గుతది. కానీ కడుపుతోని ఉన్నామెనుంచి బిడ్డకు ఏండ్ల తర్వాత గూడ పోవచ్చు.

మందు లేకుండ వదిలేస్తే ఏమైతదని అడుగుతరు. అందరికీ కాదు గానీ, కొందరికి పది, ఇరవై, ముప్ఫై ఏండ్లకు గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చెడిపోతది. మెదడు, నరాలు దెబ్బతింటయి. కండ్లు, చెవులైతే అంతకాలం గూడ ఆగవు, ఏ దశలనైనా చూపు మందగించొచ్చు, వినికిడి పోవచ్చు. అమెరికాల అలబామా రాష్ట్రం టస్కిగీల 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న పేద నల్లజాతి మగవాళ్ళను, దాదాపు నాలుగు వందల మందిని, వైద్యం చేయకుండ ఊరికే గమనించిన్రు. మధ్యల పెన్సిలిన్ అందుబాటులకు వచ్చింది. అయినా ఇయ్యలేదు. వాళ్ళకు తెల్వకుండ చేసిన్రు. తర్వాత లోకమంతా తిట్టింది, అక్కడి సర్కారు క్షమాపణ చెప్పింది. నేను ఇది ఎందుకు చెప్తున్న? మన పీహెచ్‌సీల మందు ఉండి, మన ఊరి మనిషికి అందకపోతే ఆ మనిషికి జరిగే నష్టం అంతే కదా?

ఇప్పుడు ఎవరికి వస్తది అనే ముచ్చట. కండోమ్ లేకుండ కలిసే ఎవరికైనా రావచ్చు. ఎక్కువమందితోని కలిసేటోళ్ళకు, మగవాళ్ళతోని కలిసే మగవాళ్ళకు, ఇంతకుముందు ఏదన్న సుఖవ్యాధి వచ్చినోళ్ళకు, హెచ్ఐవీ ఉన్నోళ్ళకు ప్రమాదం ఎక్కువ. ఈ పుండు ఉంటే హెచ్ఐవీ అంటుకునే అవకాశం గూడ పెరుగుతది, అందుకే రెండు పరీక్షలు కలిపి చేస్తరు. నెలలకొద్దీ ఇంటికి దూరంగ ఉండే పని గూడ ఒక కారణమే. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్ల వచ్చే లారీ డ్రైవర్లు, బొంబాయి పోయే కూలీలు, జగిత్యాల, సిరిసిల్ల నుంచి దుబాయ్, మస్కట్ పోయే అన్నదమ్ములు. నేను వాళ్ళను తప్పు పడతలేను. మన ఇండ్లను నడిపించేది వాళ్ళ చెమటే. వాళ్ళ దగ్గరికి పరీక్ష పోవాలె అంటున్న, అంతే.

అయితే అక్కా, మన ఆడోళ్ళ సంగతి వేరే చెప్పాలె. నా దగ్గరికి వచ్చే చాలామంది ఆడోళ్ళకు ఉన్న ప్రమాదం ఒక్కటే, పెండ్లి. ఇంకో మనిషిని తాకి ఎరగదు. ఆమె ప్రవర్తన చూసి ఈమెకు రాదులే అని మీరు పరీక్ష వదిలేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే.

దేనివల్ల రాదో గూడ చెప్తా. బాత్‌రూమ్ వల్ల రాదు. ఒక కంచంల తింటే రాదు. బట్టలు కలిపి ఉతికితే రాదు. ఎవరింట్లనన్న ఈ జబ్బుందని తెలిస్తే గ్లాసు వేరే పెట్టొద్దు. కండోమ్ మంచిగ కాపాడుతది, కానీ పుండు కండోమ్ కప్పని చోట ఉంటే అంటొచ్చు. ముద్దు పెట్టుకుంటే వస్తదా అని చీటీ వచ్చింది. నోట్ల, పెదవి మీద పుండు ఉంటే వస్తది.

ఇంక పరీక్షలు. ఇది జర ఓపికగ వినండి, రిపోర్టు చదివి చెప్పాల్సింది మీరే కాబట్టి. రెండు రకాలు ఉంటయి. మొదటి రకంల వీడీఆర్ఎల్, ఆర్‌పీఆర్ వస్తయి, ఇవి రెండూ ఒక జాతి. జబ్బు ఇప్పుడు ఎంత చురుకుగ ఉన్నదో చెప్తయి. రిపోర్టుల ఒకటికి ఎనిమిది, ఒకటికి ముప్ఫై రెండు అని రాస్తరు కదా, దాన్ని టైటర్ అంటరు. మజ్జిగల నీళ్ళు పోసుకుంట పోతే ఎంత పలుచన చేసినా పులుపు తెలుస్తున్నదంటే మజ్జిగ ఎంత చిక్కగ ఉన్నట్టు? ఇదీ అంతే. రక్తం నీరును ముప్ఫై రెండు వంతులు పలుచన చేసినా పాజిటివ్ వస్తున్నదంటే ఒకటికి ముప్ఫై రెండు. పెద్ద నంబరంటే జబ్బు చురుకుగ ఉన్నట్టు.

అయితే వీడీఆర్ఎల్ ఒక్కోసారి జబ్బు లేకున్నా పాజిటివ్ చూపెడతది. గర్భం వల్ల, మలేరియా వల్ల, కుష్ఠు వల్ల, కొన్ని కీళ్ళ జబ్బుల వల్ల. అప్పుడు నంబరు చాలావరకు చిన్నదే ఉంటది. అందుకే రెండో జాతి పరీక్ష చేస్తరు. టీపీహెచ్ఏ, లేకపోతే వేలు గుచ్చి చేసే స్ట్రిప్పు. ఇది ఈ క్రిమికే ప్రత్యేకం. స్ట్రిప్పు ఫలితం ఇరవై నిమిషాల లోపల వస్తది. హెచ్ఐవీ, సిఫిలిస్ రెండూ ఒకే స్ట్రిప్పుల చూసే కిట్లు గూడ వచ్చినయి.

ఒక చిక్కు ఉన్నది. టీపీహెచ్ఏ ఒకసారి పాజిటివ్ అయితే, జబ్బు పూర్తిగ నయమైనా ఎక్కువమందికి జీవితాంతం పాజిటివ్‌గనే ఉంటది. గల్ఫ్ పోయేటోళ్ళ మెడికల్ల సిఫిలిస్ పరీక్ష ఉంటది. అక్కడ అన్‌ఫిట్ అని రాస్తే ఇంట్లోళ్ళకు తెల్వకుండ ఏజెంటు చెప్పిన చోటికి పోయి రక్తం శుద్ధి చేసే మందని పైసలు పోసి వచ్చినోళ్ళున్నరు. టీపీహెచ్ఏను నెగెటివ్ చేసే మందు లేదు, అవసరం గూడ లేదు. నయమైందో లేదో వీడీఆర్ఎల్ నంబరు తగ్గుడును బట్టి చూస్తం. రక్తదాన శిబిరంల రక్తం ఇచ్చిన పిల్లలకు బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చేది గూడ ఈ పరీక్ష వల్లనే. దానం చేసిన ప్రతి సీసాకు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, మలేరియాతోని పాటు సిఫిలిస్ చూస్తరు. ఆ ఫోన్ వస్తే భయపడి నంబరు బ్లాక్ చెయ్యొద్దు.

ఇంకోటి. పుండు లేసిన మొదటి రోజులల్ల రక్తపరీక్ష నెగెటివ్ రావచ్చు. డాక్టరుకు అనుమానం ఉంటే కొన్ని వారాలకు మళ్ళీ చేయించాలె. నెగెటివ్ కాగితం చూసుకొని అయిపోయిందనుకోవద్దు.

వైద్యం సంగతి తొందరగ చెప్తా, అది మా పని కాబట్టి. బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, కండకు. రెండు పిర్రలకు సగం సగం ఇస్తరు. కొత్తగ వచ్చిన జబ్బుకు ఒక్కసారి చాలు. ఎప్పుడొచ్చిందో తెల్వనప్పుడు వారానికొకటి చొప్పున మూడు. సూది నొప్పిగ ఉంటది, అబద్ధం చెప్పను. ఆ రోజు చలిజ్వరం రావచ్చు, ఒక రోజుల పోతది. కడుపుతోని ఉన్నామెకు జ్వరంతోని పాటు కడుపు గట్టిపడి నొప్పులొస్తే వెంటనే దవాఖానకు తోలుకురావాలె. పెన్సిలిన్ పడనోళ్ళకు డాక్సీసైక్లిన్ గోలీలున్నయి. గర్భిణికి అవి పనికిరావు, ఆమెకు పెన్సిలినే కావాలె. పడదంటే పెద్ద దవాఖానల ఉంచి, కొద్దికొద్దిగ అలవాటు చేసి ఇస్తరు. కాన్పుకు కనీసం నెల రోజుల ముందన్న సూది పడితే బిడ్డకు మేలు. ఎంత ముందైతే అంత మంచిది. మూడో నెలల తేలింది ఎనిమిదో నెల దాకా కాగితం మీదనే ఉండిపోకూడదు.

ఏడో నెలల బిడ్డ కడుపుల పోయింది, ఏడాదికి ఎనిమిదో నెలల ఇంకో బిడ్డ పోయింది అని వచ్చేటోళ్ళున్నరు. ఇంటికాడ ఏమంటరు? దిష్టి అంటరు, చేతబడి అంటరు, కోడలు కాలు మంచిది కాదంటరు. రక్తం చూస్తే వీడీఆర్ఎల్ పాజిటివ్. ఇట్ల కాన్పులు పోయినామె మీ ఊర్ల ఉంటే ముందు ఆమె దగ్గరికి పోండి. ఆమె భర్తను గూడ తోలుకురండి.

భర్త రాడు మేడం అంటరు. అవును, రాడు. దీని గురించే నేను ఇయ్యాల వచ్చింది. మన దగ్గర అందరికంటే ముందు రక్తం పరీక్ష చేసేది ఎవరికి? గర్భిణికి. మరి ఇంట్ల జబ్బు ముందు ఎవరి కాగితంల కనబడతది? ఆమె కాగితంల. అప్పుడు అత్త ఏమంటది? నువ్వే తెచ్చినవ్ అంటది. మొదట దొరికినామె మొదట తెచ్చినామె కాదు. ఈ మాట మీ నోటినుంచి ఆ ఇంట్ల వినపడాలె. రిపోర్టు అత్త ముందట చదవొద్దు. అంగన్‌వాడీల, నీళ్ళ ట్యాంకు కాడ ముచ్చట పెట్టొద్దు. ఆమెను ఒక్కదాన్ని పక్కకు పిలిచి, ఆమెకు ముందు చెప్పండి. భర్తకు ఎట్ల చెప్పాలె, ఇంట్ల కొట్టే భయం ఉన్నదా అని అడగండి. భయం ఉంటే మాకు చెప్పండి, దవాఖానల కౌన్సిలర్ ఉంటది, ఇద్దరినీ పిలిచి ఆమె మాట్లాడుతది. నా అభిప్రాయం అయితే, నెల తప్పిన మొదటి పరీక్షకే ఇద్దరినీ రమ్మనాలె. ఇద్దరికీ ఒకే రోజు రక్తం తీస్తే ఎవరు ముందు అనే కొట్లాట చాలావరకు ఉండదు.

భర్తకు పరీక్ష నెగెటివ్ వచ్చినా, గడిచిన మూడు నెలలల్ల కలిసి ఉంటే సూది వేస్తరు. ఇద్దరికీ వైద్యం అయినంక ఇంకో వారం, పుండ్లు మానేదాకా, కలవొద్దు. ఒక్కరికే వేస్తే ఏమైతది? ఆమెకు నయమైతది, ఆయననుంచి మళ్ళీ అంటుతది. ఒకసారి వస్తే మళ్ళీ రాదనే జబ్బు కాదిది.

ఎక్కడికి పోవాలె? జిల్లా దవాఖానలల్ల సురక్ష క్లినిక్ అని బోర్డు ఉంటది, సుఖవ్యాధులకు అక్కడ చూస్తరు. వరంగల్ ఎంజీఎంల మా చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉన్నది. ముఖం చాటేసుకొని వచ్చినా మేం ఏమనం. ఫోన్ల అడగాలంటే 1097, పైసలు పడవు.

ఆఖరు చీటీ. వైద్యం అయినంక మళ్ళీ కడుపు పండుతదా అని. పండుతది తల్లీ. మంచి బిడ్డ పుడతడు. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి వీడీఆర్ఎల్ చేయించుకోవాలె. ఒకటికి ముప్ఫై రెండు ఉన్నది ఒకటికి ఎనిమిదికి దిగితే మందు పనిచేసినట్టు. కాన్పు అయినప్పుడు బిడ్డకు గూడ రక్తం చూపియ్యాలె, బిడ్డ బాగనే ఉన్నా సరే. మళ్ళీ నెల తప్పితే మొదటిసారి పోయినప్పుడే పాత రిపోర్టు, సూది వేసిన కాగితం ముందట పెట్టండి. అవి ఉంటే డాక్టరు పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన పెట్టి చూస్తరు, మళ్ళీ సూది కావాల్నా వద్దా తేలుతది. లేకపోతే మొదటినుంచి మొదలు పెట్టాలె. అందుకే తల్లీబిడ్డల ఎంసీపీ కార్డుకు పిన్ను కొట్టి, బియ్యం డబ్బా కింద కాదు, ఆమె చేతికి అందే జాగల పెట్టియ్యండి.